పాపే పక్కనున్న చిన్న దీవిలో ఐదువేల ఏళ్ల సమాధి దిబ్బను ఎలా చూసి రావాలి

స్కాట్లాండ్ ఉత్తరపు కొస దాటి సముద్రం మీద ఇంకా పైకి వెళితే ఓర్క్నీ దీవులు వస్తాయి. వాటిలోనూ ఉత్తరాన, వందమంది లోపు జనం కాపురముండే పాపా వెస్ట్రే అనే దీవి ఉంది. అక్కడివాళ్లు దాన్ని పాపే అని పిలుచుకుంటారు. పాపేకు తూర్పున, కొన్ని వందల మీటర్ల నీళ్లకు అవతల, మనుషులెవరూ ఉండని ఒక చిన్న దీవి పచ్చికతో, గొర్రెలతో, పక్షులతో పడి ఉంటుంది. దాని పేరు హోమ్ ఆఫ్ పాపా వెస్ట్రే. పెద్ద దీవి పక్కనుండే చిన్న దీవిని హోమ్ అనడం, నార్వే వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన పాత నార్స్ జనం నుంచి వచ్చిన అలవాటు. ఆ దీవి దక్షిణ కొసన పొడుగ్గా, పడవను బోర్లించినట్టు కనిపించే దిబ్బ ఒక రాతియుగపు సమాధి. క్రీస్తుకు పూర్వం సుమారు 3000 ప్రాంతంలో, లోహం ఎరగని రైతులు కట్టుకున్న ఈ సమాధి చట్టరక్షణలో ఉంది. దాని లోపలికి దిగి చూడటానికి మీకు అవకాశం ఉంది. బ్రిటన్‌లో చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో ఉన్నవారికైనా, అక్కడికి చుట్టపుచూపుగా వెళ్లేవారికైనా ఆ అవకాశాన్ని సరిగ్గా వాడుకునే పద్ధతి చెప్పడం కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా, చూడబోయేది ఏమిటో తెలుసుకోండి

పైనుంచి చూస్తే అది గడ్డి మొలిచిన గుట్ట మాత్రమే. అసలు కట్టడం లోపల ఉంది. 20 మీటర్లకు పైగా పొడవున్న ఒక ఇరుకైన గది, దాన్ని మూడు భాగాలుగా విడదీసే రెండు అడ్డగోడలు, నాలుగు వైపులా గోడల్లోకి తొలిచినట్టున్న పదికి పైగా చిన్న గూళ్లు, వాటిలో కొన్ని జంట గూళ్లు. అప్పటి మనుషులు పాక్కుంటూ వెళ్లిన సన్నని దారి పొడవైన పక్కగోడలోంచి లోపలికి వస్తుంది. 1849లో నౌకాదళ అధికారి కెప్టెన్ ఎఫ్. డబ్ల్యూ. ఎల్. థామస్ ఈ దిబ్బను తెరిపించాడు. పాత రాతి కప్పు పైభాగం ఇప్పుడు లేదు, దాని స్థానంలో ఆధునిక కాంక్రీటు కప్పు వేసి, అందులో ఒక మూత తలుపు పెట్టారు. మీరు ఆ మూత ఎత్తి, నిచ్చెన మీదుగా దిగుతారు.

సున్నం గానీ బంకమన్ను గానీ పెట్టకుండా, ఉత్త రాళ్లను పేర్చి ఇంత పొడవైన గది ఎలా నిలబెట్టారన్న ప్రశ్నకు జవాబు ఆ నేలలోనే ఉంది. ఓర్క్నీలో దొరికేది పలకలుగా విడిపోయే ఇసుకరాయి. మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు వేరే జాతివే అయినా, పొరలు పొరలుగా విడివడి ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చునే గుణం మటుకు రెంటికీ ఒకటే. గోడ కొంత ఎత్తు లేచాక ఒక్కో వరసనూ కింది వరస కన్నా కాస్త లోపలికి జరుపుతూ పోతే, రెండు గోడలూ పైన దగ్గరపడి, ఆ కొద్ది సందును పలకలతో మూసేస్తే సరిపోతుంది. ఇది తెలుసుకుని వెళ్లినవారికి లోపల ప్రతి రాయీ అర్థమవుతుంది. తెలియకుండా వెళ్లినవారు చీకటి గది ఒకటి చూసి వస్తారు.

ఓర్క్నీలో ఈ రకపు సమాధుల్లో పేరుమోసినది, ఆ దీవులన్నిటిలో పెద్దదైన మెయిన్‌లాండ్‌లోని మేస్‌హౌ. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది మేస్‌హౌను, దాని చుట్టుపక్కల కట్టడాలను మాత్రమే. హోమ్ దీవి ఆ జాబితాలో లేదు, అందుకే అక్కడ బస్సులూ టికెట్ల వరసలూ ఉండవు. మీతో ఉండేది గాలి చప్పుడూ, మిమ్మల్ని దించిన పడవా మాత్రమే.

రోజులు లెక్క వేసుకోవడం

ఈ ప్రయాణంలో తారీఖులు మీ చేతిలో ఉండవు, సముద్రం చేతిలో ఉంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్లడం మంచిది. జూన్‌లో పగలు పద్దెనిమిది గంటలకు పైగా ఉంటుంది కాబట్టి పొద్దు పోతుందన్న తొందర ఉండదు. డిసెంబరులో ఆరు గంటల వెలుతురే దక్కుతుంది, పైగా ఉత్తర సముద్రపు గాలివానలు అప్పుడే ముదురుతాయి. శరదృతువు చివర ఆ చిన్న దీవుల ఒడ్డున బూడిదరంగు సీళ్లు పిల్లలను కంటాయి, వాటి దగ్గరికి పోకూడదు.

పాపేలో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రోజు మాత్రమే పెట్టుకుని వెళ్లినవారిలో చాలామంది ఒడ్డున నిలబడి దిబ్బను దూరం నుంచి చూసి తిరిగిపోతారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు జరిగింది అదే. పొద్దున్న ఎండ కాస్తూనే ఉంది, నీళ్లు చూడటానికి ప్రశాంతంగానే ఉన్నాయి, కానీ గాలి తూర్పుకు తిరిగిందని, అవతలి ఒడ్డున రాళ్ల మీదికి దిగడం కుదరదని చెప్పారు. అలాంటి మాట విన్నప్పుడు వాదించకండి, బతిమాలకండి, ఎక్కువ డబ్బు ఇవ్వజూపకండి. ఆ నీళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నవారు వద్దన్నారంటే దానికి కారణం ఉంటుంది. రెండో ప్రయాణంలో మూడు రోజులు పెట్టుకున్నాను, చివరి రోజున దిగగలిగాను.

పాపే దాకా చేరడం

ముందు ఓర్క్నీ ముఖ్య పట్టణం కర్క్‌వాల్ చేరాలి. ఎడింబరా, గ్లాస్గో, అబర్డీన్, ఇన్వర్నెస్ నుంచి విమానాలున్నాయి. ఓడ మీద వెళ్లదలిస్తే స్క్రాబ్‌స్టర్ నుంచి స్ట్రోమ్‌నెస్‌కు గంటన్నర ప్రయాణం, అక్కడి నుంచి బస్సు.

కర్క్‌వాల్ నుంచి పాపేకు రెండు దారులు. ఒకటి ఎనిమిది మంది పట్టే చిన్న విమానం. అది కొన్నిసార్లు పాపే పక్కనున్న వెస్ట్రే దీవి మీదుగా వెళుతుంది. వెస్ట్రే నుంచి పాపేకు ఉన్న 2.7 కిలోమీటర్ల ఆ విమాన ప్రయాణం ప్రపంచంలోని రోజువారీ విమాన సర్వీసులన్నిటిలోనూ అతి చిన్నది. గాలి కలిసొస్తే రెండు నిమిషాలైనా పట్టదు. సీట్లు తక్కువ కాబట్టి వారాల ముందే టికెట్ తీసుకోండి, సామాను తగ్గించుకోండి. పొగమంచు కమ్మితే ఈ విమానం ఎగరదు. రెండో దారి ఓడ. కర్క్‌వాల్ నుంచి వెస్ట్రేలోని రాప్‌నెస్ రేవుకు దాదాపు గంటన్నర, అక్కడి నుంచి బస్సులో పీరోవాల్ ఊరు, ఆ ఊరి నుంచి మనుషులను మాత్రమే తీసుకెళ్లే చిన్న పడవలో పాపేకు అరగంట లోపు. నా సలహా, వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు మరో దారి పట్టండి.

పాపే నాలుగు మైళ్ల పొడవు, ఒక మైలు వెడల్పు ఉంటుంది. కారు అవసరం లేదు. దీవిలోనివారి సహకార సంఘమే అక్కడ దుకాణం, బస రెండూ నడుపుతుంది. దుకాణం వేళలు ముందే కనుక్కోండి. శాకాహారులు అటుకులో, ఉప్మా పొట్లాలో, పప్పుపొడో వెంట తీసుకెళితే ఇబ్బంది పడరు.

దిబ్బకు ముందు ఇంటిని చూడండి

పడవ కోసం ఎదురుచూసే రోజును ఊరికే పోనివ్వకండి. పాపే పడమటి ఒడ్డున నాప్ ఆఫ్ హోవర్ అనే చోట రెండు రాతి ఇళ్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని నుంచి మరొకదానికి గోడలోంచి దారి ఉంది. క్రీస్తుపూర్వం 3700 నుంచి 2800 దాకా మనుషులు అక్కడ కాపురమున్నారు. వాయవ్య ఐరోపాలో ఇంకా నిలిచి ఉన్న రాతి ఇళ్లలో ఇంతకన్నా పాతవి లేవని పురావస్తు పండితులు అంటారు. వాళ్లు గొడ్లను, గొర్రెలను పెంచారు, గింజలు విసురుకున్నారు. విసరడం వల్ల నడుమ గుంటపడిన తిరగలి రాయి ఇప్పటికీ అక్కడే ఉంది. గుమ్మానికి రెండు వైపులా నిలబెట్టిన పలకలు, నడుం వంచితే తప్ప దూరలేని ఆ ఎత్తు, గోడలోనే కట్టిన అలమార, వీటిని తీరికగా చూడండి. బతికున్నవారికి కట్టిన గోడ ఎలా ఉంటుందో కళ్లకు అలవాటైతే, చనిపోయినవారికి కట్టిన గోడ మర్నాడు తేలిగ్గా బోధపడుతుంది. ఈ క్రమం తప్పకుండా పాటించమని గట్టిగా చెబుతాను.

పడవ మాట్లాడుకోవడం, దిగడం

హోమ్ దీవికి రోజువారీ పడవలు లేవు. పాపేలో బస ఖరారు చేసుకునేటప్పుడే, సహకార సంఘం వారికో, దీవిలో సందర్శకులకు దారి చూపే రేంజరుకో ఈ కోరిక చెప్పి ఉంచాలి. ఎంతమంది వస్తారో, వారిలో పెద్దవాళ్లున్నారో, పిల్లలున్నారో స్పష్టంగా చెప్పండి. అవతల సరైన రేవు ఉండదు, నాచుపట్టిన రాళ్ల మీద కాలు పెట్టి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారు, గర్భిణులు పాపే ఒడ్డునే ఉండిపోవడం క్షేమం.

వెంట తీసుకెళ్లవలసినవి ఇవి. జారని అడుగున్న బూట్లు, నడుం పైకీ కిందికీ వానను ఆపే దుస్తులు, మోకాళ్ల మీద పాకినా బాధలేని పాత ప్యాంటు, మంచినీళ్లు, రెండు టార్చిలైట్లు. రెండూ ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. తలకు గట్టి టోపీ ఉండాలి. వేసవి మొదట్లో ఆర్కిటిక్ టెర్న్ అనే పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి, దగ్గరికి వచ్చినవారి నెత్తి మీదికి సూటిగా దూకి పొడుస్తాయి. చేతికర్ర ఒకటి తల కన్నా ఎత్తుగా పట్టుకుంటే అవి కర్రనే పొడుస్తాయి. అడుగు వేసేముందు నేలను చూడండి. గులకరాయి రంగులో ఉన్న గుడ్డు గులకరాళ్ల మధ్య కనబడదు.

తిరిగి తీసుకెళ్లే వేళ పడవవారితో ఖాయం చేసుకుని, ఆ వేళకు పదిహేను నిమిషాల ముందే ఒడ్డుకు రండి.

దిబ్బ చుట్టూ ఒకసారి నడవండి

దిబ్బ కనబడగానే పైకెక్కాలనిపిస్తుంది. ఆగండి. ముందు కింద నుంచి చుట్టూ నిదానంగా నడిచి రండి. దాని పొడవెంతో, ఏ వైపు సముద్రం ఎంత దగ్గరో చూడండి. అదే దీవిలో ఉత్తరాన మరో పాత సమాధి ఉంది. దాన్ని 1854లో జార్జ్ పెట్రీ, మళ్లీ 1980లలో ఆనా రిచీ తవ్వి పరిశీలించారు. అది దీనికన్నా వేరే తీరులో, పశువుల కొట్టంలాగా పలకలు నిలబెట్టి అరలు చేసిన కట్టడం. అంటే ఒకే చిన్న దీవిలో, వేరువేరు పద్ధతులు పాటించిన తరాలు తమ చనిపోయినవారిని దాచుకున్నాయన్నమాట.

మూత తలుపు దగ్గరికి వెళ్లడానికి మటుకు అందరూ నడిచే దారినే వెళ్లండి. తడిసిన పచ్చిక మీద పక్కల నుంచి ఎగబాకితే బూటు మడమ కింద గడ్డి ఊడి వస్తుంది, ఆ గాటులోకి గాలీ వానా దూరి కింది రాళ్లను బయటపెడతాయి. గొర్రెలు చేసే నష్టానికి మన నష్టం తోడు కాకూడదు.

లోపల

ఒకరి తర్వాత ఒకరు, నిచ్చెన వైపు మొహం పెట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని దిగండి. సంచి పైనే వదిలిపెట్టండి లేదా తాడుతో దించండి. వీపున సంచి తగిలించుకుని ఇరుకు గదిలో తిరిగితే, వెనక ఏ రాయి రాసుకుంటోందో మనకు తెలియదు.

దిగాక వెంటనే టార్చి వేయకండి. మూత నుంచి పడే పగటి వెలుతురులో, ఒకచోట నిలబడి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా ఐదు నిమిషాలు ఆగండి. బయట అంతసేపూ చెవుల్లో మోగిన గాలి ఇక్కడ ఒక్కసారి ఆగిపోతుంది. తర్వాత గోడ వైపు చూడండి. చేతికి దగ్గరలో ఉన్న ఏదో ఒక్క వరసను ఎంచుకుని దాన్ని పైకి అనుసరించండి. నడుము ఎత్తు దాకా గోడ నిటారుగా ఉంటుంది, ఆ పైన ఒక్కో పలక అంచు కింది దానిని దాటి కొంచెం ముందుకు వస్తుంది. పలకల మధ్య ఎక్కడైనా సందు మిగిలితే, గోటి మందం ఉన్న రాతి చీలికను అందులో దూర్చి బిగించారు. పెద్ద రాయి మోయడానికి బలం చాలు, ఈ చీలికను ఎంచడానికి ఓపిక కావాలి. ఐదువేల ఏళ్ల కిందట ఎవరో ఒక మనిషి నాలుగైదు చీలికలు పెట్టి చూసి, సరిపోయిన దాన్ని ఉంచాడన్న సంగతి ఆ సందు దగ్గర నిలబడితే అర్థమవుతుంది.

అడ్డగోడల్లోని తక్కువ ఎత్తు గుమ్మాలను వంగి దాటి రెండు కొసలకూ వెళ్లండి. గూళ్లలోకి తొంగి చూడండి. దూరదలిస్తే ఒక్కరే, మోకాళ్ల మీద, వీపు పైరాయికి తగలకుండా దూరండి. ఓర్క్నీ సమాధుల్లో ఎముకలు చాలాచోట్ల ఒక మనిషివి ఒకచోట కాక, ఎందరివో కలిసిపోయి దొరికాయి. చనిపోయినవారిని ఒకసారి పెట్టి మూసేయకుండా, తరతరాలుగా లోపలికి వస్తూ, పాతవాటిని జరుపుతూ, కొత్తవారిని చేర్చుతూ వచ్చారని దానిబట్టి ఊహిస్తారు.

ఇక చెక్కడాలు. దీని కోసమే ఇంత దూరం రావచ్చు. రాతి మీద మరో గట్టి రాతితో పొడిచి పొడిచి చేసిన చుక్కలు, వంకరటింకర గీతలు, కనుబొమల జంటలాంటి వంపులు కొన్ని రాళ్ల మీద ఉన్నాయి. ఐర్లాండ్‌లోని బోయిన్ లోయ సమాధుల మీది చెక్కడాలతో వీటికి పోలిక ఉందని పండితులు గుర్తించారు. ఏ రాళ్ల మీద ఉన్నాయో రేంజరును ముందే అడిగి పెట్టుకోండి, ఎందుకంటే తెలిసిన చోటే వెతికినా తొలిచూపులో దొరకవు. తలకు కట్టుకున్న టార్చి ఎదురుగా వేస్తే రాతి ముఖం అంతా చదునుగా తెల్లబోతుంది. దాన్ని ఆర్పేయండి. రెండో టార్చిని చేత్తో పట్టుకుని, రాయికి తగలకుండా, దాని అంచు పక్క నుంచి వెలుతురు రాతి మీద పాకేలా ఏటవాలుగా వేయండి. మెల్లగా పైకీ కిందికీ కదపండి. ఒక కోణంలో ఏమీ ఉండదు. వేలెడు పక్కకు జరపగానే ఒక నీడ ముడుచుకుంటుంది, దాని పక్కన మరొకటి, రెండూ కలిసి కనుబొమలవుతాయి. ఇంకొంచెం జరిపితే మళ్లీ ఉత్త రాయే. కెమెరా వాడేవారు ఒకరు టార్చి పట్టుకుంటే మరొకరు ఫోటో తీయాలి. ఫోన్ ఫ్లాష్ పనికిరాదు.

చేయకూడనివి

చెక్కడం స్పష్టంగా కనబడాలని సుద్దముక్క రాయడం, పిండి అద్దడం, నీళ్లు చల్లడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం ఏదీ చేయకూడదు. వేలితో తడమకండి. ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. పెద్దల సమాధి అనగానే అగరొత్తి వెలిగించాలని, పసుపు కుంకుమ పెట్టాలని, నాణెం వదలాలని మనసుకు తోస్తుంది. ఆ భావం మంచిదే, కానీ గాలి ఆడని గదిలో పొగమసి రాతి మీద పేరుకుంటే తుడవడం కుదరదు, కుంకుమ రంగు ఇసుకరాతిలోకి ఇంకిపోతుంది. చేతులు జోడించి ఒక నిమిషం నిలబడితే చాలు. బయట రాళ్లు ఏరి చిన్న గోపురాలు పేర్చకండి, పడి ఉన్న రాయి కూడా కట్టడంలోనిది కావచ్చు.

దిబ్బ బాధ్యత హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థది. 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద, అనుమతి లేకుండా రక్షిత కట్టడాన్ని తవ్వడం, మార్చడం, చెడగొట్టడం నేరం. అనుమతి లేకుండా అక్కడ మెటల్ డిటెక్టర్ వాడటం కూడా నేరమే. స్కాట్లాండ్‌లో బాధ్యతగా మసలుకునే ప్రతివారికీ పొలాల మీదుగా, కొండల మీదుగా నడిచే హక్కును 2003 చట్టం ఇచ్చింది. ఆ హక్కు ‘బాధ్యతగా’ అన్న మాట మీదే ఆధారపడి ఉంది. డ్రోను ఎగరేయాలంటే సంస్థ అనుమతి ముందుగా తీసుకోవాలి, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో ఆ ఆలోచనే మానుకోవాలి.

ఈ కట్టుబాట్లు మితిమీరాయని అనిపిస్తే అమరావతిని తలచుకోండి. 18వ శతాబ్దం చివర, దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బను జమీందారు మనుషులు కొత్త కట్టడాలకు రాళ్ల కోసం తవ్వుతుండగా చూసినవాడు కాలిన్ మెకంజీ. అతడు పుట్టింది స్కాట్లాండ్ వాయవ్య దీవుల్లోని స్టోర్నోవేలో. ఆ దిన్నెలోని పాలరాతి వంటి సున్నపురాయి శిల్పాలు కొన్ని సున్నంగా కాలిపోయాయి, మిగిలినవాటిలో చాలా భాగం ఈరోజు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. రక్షణ చట్టం లేని రోజుల్లో దిబ్బ అంటే ఊరికే దొరికే రాళ్లగని.

ఏదైనా కనబడితే

సముద్రపు కోతవల్ల ఓర్క్నీ ఒడ్డుల్లో పాత కుండ పెంకులు, ఎముకలు, పనిముట్లు బయటపడుతూనే ఉంటాయి. కనబడితే చేత్తో తీయకండి. పక్కన నాణెమో, పెన్నో కొలతకు పెట్టి ఫోటో తీసి, చుట్టుపక్కల గుర్తులు తెలిసేలా దూరం నుంచి మరో ఫోటో తీసి, చోటు రాసుకుని, రేంజరుకు చెప్పండి. వస్తువు ఏ మట్టి పొరలో, దేని పక్కన ఉందన్నదే పురావస్తు పండితుడికి ముఖ్యం. చేతిలోకి తీసుకున్న క్షణాన ఆ సమాచారం పోతుంది. స్కాట్లాండ్‌లో దొరికిన పాత వస్తువు దొరికినవారిది కాదు, ప్రభుత్వానికి తెలియజేయవలసిందే.

తిరుగుదారిలో

పైకెక్కాక మూత తలుపు సరిగ్గా మూయండి. గాలికి తెరుచుకుంటే వాననీళ్లు, పక్షులు, గొర్రెపిల్లలు లోపల పడతాయి. లోపల ఎవరూ మిగల్లేదని పేరు పేరునా పిలిచి చూసుకున్నాకే మూయండి.

పాపే నుంచి వెళ్లేటప్పుడు వెస్ట్రే మీదుగా వెళ్లి, పీరోవాల్ ఊళ్లోని వారసత్వ కేంద్రం తెరిచి ఉండే వేళ ముందే కనుక్కుని అక్కడ ఒక గంట ఆగండి. వెస్ట్రేలో లింక్స్ ఆఫ్ నోల్ట్‌లాండ్ తవ్వకాల్లో 2009లో దొరికిన ఇసుకరాతి బొమ్మ ఒకటి అక్కడ ఉంది. నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది, బొటనవేలి కన్నా చిన్నది. అద్దం దగ్గరికి వంగి దాని మొహం చూడండి. రెండు చుక్కల కళ్లు, వాటి పైన, దిబ్బ లోపల మీరు టార్చి జరిపి జరిపి వెతికిన ఆ కనుబొమల వంపే.